బస్తీ స్థలంలో కొత్త ఇళ్లు కడతామంటే... సంతకం పెట్టే ముందు ఏం చూసుకోవాలి?

కౌన్సిల్ మీటింగ్ ఎజెండాలో అది ఒకట్రెండు లైన్లే ఉంటుంది. ఫలానా డివిజన్‌లోని ఫలానా బస్తీలో పాత ఇళ్లు తొలగించి, అదే స్థలంలో అపార్ట్‌మెంట్లు కట్టే ప్రతిపాదన. మేయర్ చదువుతారు, ఒకరిద్దరు కార్పొరేటర్లు మాట్లాడతారు, "ఆమోదించడమైనది" అని రాసేస్తారు. పది నిమిషాల పని. కానీ ఆ బస్తీలో నలభై ఏళ్లుగా ఉంటున్న కుటుంబానికి ఆ తర్వాత ఐదారేళ్లు ఎలా గడుస్తాయో, పిల్లలకు ఏం మిగులుతుందో ఆ రెండు లైన్ల మీదే ఆధారపడి ఉంటుంది.

జీహెచ్‌ఎంసీ లెక్కల్లో నగరంలో 1,476 మురికివాడలు నమోదయ్యాయి. వీటిలో ఎన్నో బస్తీలు నగరం నడిబొడ్డున, మంచి ధర పలికే స్థలాల్లో ఉన్నాయి. అందుకే "ఉన్నచోటే కొత్త ఇల్లు" అన్న మాట మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. ఆ మాట మంచిదే. వర్షం పడితే కారే రేకుల ఇంటి కన్నా రెండు గదులు, వంటిల్లు, బాత్‌రూమ్ ఉన్న పక్కా ఇల్లు ఎవరికి వద్దు? చిక్కు ఇల్లు కట్టడంలో కాదు, లెక్కలో ఉంది. ఎవరిని ఒక కుటుంబంగా లెక్కిస్తారు, ఎవరి పేరు రాస్తారు, ఎవరి పేరు జారిపోతుంది అన్నదే అసలు ప్రశ్న.

కౌన్సిల్ చేతిలో ఎంత ఉంది?

చాలామంది అనుకునేది కార్పొరేటర్ ఒప్పుకుంటే పని అయిపోయినట్టే అని. అంత సులువు కాదు. కార్పొరేషన్‌లో మూడు చోట్ల అధికారం ఉంటుంది: ఎన్నికైన కౌన్సిల్, స్టాండింగ్ కమిటీ, కమిషనర్. ప్రతిపాదన ఫైలు అధికారుల దగ్గర తయారవుతుంది. తర్వాత కమిటీకి, కౌన్సిల్‌కి వస్తుంది. కొన్నిసార్లు ముందుగా ఇచ్చిన ఎజెండాలో లేని అంశం మీటింగ్ రోజే "టేబుల్ ఐటెమ్"గా వస్తుంది. అలా వచ్చినప్పుడు కార్పొరేటర్లకే పూర్తిగా చదివే టైమ్ ఉండదు. ఇక బస్తీవాళ్లకు తెలిసేది ఎక్కడ?

కౌన్సిల్ తీర్మానం చేసినా అది చివరి మాట కాదు. తీర్మానాన్ని నిలిపేసే, రద్దు చేసే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. ప్రభుత్వ భూమి అయితే దాన్ని అప్పగించాల్సింది రెవెన్యూ శాఖ. తెలంగాణ డబుల్ బెడ్‌రూమ్ పథకంలో హైదరాబాద్ ఇళ్లను జీహెచ్‌ఎంసీ కట్టింది, కానీ లబ్ధిదారుల ఎంపిక బాధ్యత జిల్లా కలెక్టర్‌ది. పాలకమండలి గడువు ముగిసి ఎన్నికలు జరగకపోతే, కౌన్సిల్ అధికారాలు ప్రత్యేకాధికారి చేతికి వెళ్తాయి. అప్పుడు చర్చ అనేదే ఉండదు, సంతకం మాత్రమే ఉంటుంది.

అందుకని కార్పొరేటర్ ఇంటికొచ్చి "నేను చూసుకుంటా" అని చెప్పిన మాటకు, తీర్మానంలో రాసిన మాటకు తేడా పెట్టుకోవాలి. మీటింగ్‌లో చెప్పింది మినిట్స్‌లో లేకపోతే రేపు ఏ ఆఫీసులోనూ అది చెల్లదు.

ముందు తేలాల్సింది: భూమి ఎవరిది?

ఒకే గల్లీలో నాలుగు రకాల భూమి ఉండొచ్చు. దాన్నిబట్టే హక్కు మారుతుంది.

పట్టా లేదా రిజిస్టర్డ్ కాగితం ఉన్న సొంత భూమి: ప్రభుత్వం దీన్ని తీసుకోవాలంటే 2013 భూసేకరణ చట్టం ప్రకారం వెళ్లాలి. నోటీసు, నష్టపరిహారం, పునరావాసం అన్నీ వర్తిస్తాయి. ప్రభుత్వం, ప్రైవేటు కలిసి చేసే ప్రాజెక్టు కోసం భూమి సేకరిస్తే 70 శాతం మంది, ప్రైవేటు కంపెనీ కోసమైతే 80 శాతం మంది సమ్మతి కావాలి.

క్రమబద్ధీకరించిన ప్రభుత్వ భూమి: తెలంగాణలో 2014 డిసెంబర్ చివర్లో వచ్చిన జీవో 58 కింద 125 గజాల లోపు ఉన్నవాళ్లకు ఉచితంగా, జీవో 59 కింద ఎక్కువ ఉన్నవాళ్లకు డబ్బు తీసుకుని హక్కు ఇచ్చారు. మొదట 2014 జూన్ 2 కటాఫ్‌గా ఉండేది, 2023లో దాన్ని 2020 జూన్ 2 దాకా పొడిగించారు. ఈ కాగితం ఉన్నవాళ్లు బీరువాలో దాచి ఊరుకోకుండా సర్వే టీమ్‌కి చూపించి, జతచేసినట్టు రసీదు తీసుకోవాలి.

కాగితం లేని ప్రభుత్వ భూమి: ఎక్కువ బస్తీల పరిస్థితి ఇదే. ఇక్కడ యాజమాన్య హక్కు బలహీనం. కానీ నల్లా బిల్లు, కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు, ఓటరు కార్డు "ఇక్కడే ఉంటున్నాం" అనడానికి సాక్ష్యం అవుతాయి. ఎంత పాత తేదీ ఉంటే అంత మేలు.

వక్ఫ్ భూమి: దీన్ని కౌన్సిల్ తీర్మానంతో తీసుకోవడం కుదరదు. వక్ఫ్ ఆస్తి అమ్మకం, దానం, తాకట్టును 2013 సవరణ నిషేధించింది. బస్తీలో మస్జిద్, ఆషుర్‌ఖానా, ఖబ్రస్తాన్ ఉంటే వాటి పేరు, విస్తీర్ణం వక్ఫ్ గెజిట్‌లో ఎలా ఉందో కమిటీవాళ్లు ముందే చూసుకోవాలి. లేఅవుట్ మ్యాప్‌లో దాన్ని విడిగా గుర్తించమని రాతపూర్వకంగా అడగాలి. మ్యాప్‌లో "ఖాళీ స్థలం" అని పడ్డాక దిద్దించడం చాలా కష్టం.

హైదరాబాద్‌లో ఇప్పటిదాకా ఏం జరిగింది?

బాగా జరిగిన ఉదాహరణ ఉంది. సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట దగ్గరి ఐడీహెచ్ కాలనీలో శిథిలమైన పాత ఇళ్లు తీసేసి, అదే స్థలంలో జీ+2 బ్లాకుల్లో 396 ఇళ్లు కట్టారు. 2015 నవంబర్‌లో ఇచ్చారు. పని, బడి, దవాఖానా ఏదీ మారలేదు. బ్లాకులు తక్కువ ఎత్తువి కాబట్టి లిఫ్ట్ బాధ లేదు. డబుల్ బెడ్‌రూమ్ పథకానికి ఇదే నమూనా అయ్యింది.

పాతబస్తీ పక్కన చంచల్‌గూడ పిల్లిగుడిసెల్లో ఇలాగే గుడిసెల స్థలంలో కట్టిన 288 ఇళ్లను 2021 ఆగస్టులో ప్రారంభించారు. 2024 అక్టోబర్‌లో మూసీ ఒడ్డున ఇళ్లకు మార్కింగ్ చేసి ఖాళీ చేయించినప్పుడు కొన్ని కుటుంబాలను తెచ్చి పెట్టింది కూడా ఈ కాలనీలోనే. అంటే ఒకే కాంపౌండ్‌లో కొందరు తమ సొంత బస్తీలో ఉన్నట్టు ఉంటే, మరికొందరు వేరే బస్తీ నుంచి లేచి వచ్చినట్టు ఉంటున్నారు.

మరో రకం కొల్లూరు. 2023 జూన్‌లో ప్రారంభించిన ఈ కాలనీలో 15,660 ఇళ్లు ఉన్నాయి. ఇళ్లు కొత్తవి, రోడ్లు వెడల్పు. కానీ చార్మినార్ నుంచి ముప్ఫై కిలోమీటర్లకు పైనే. పాతబస్తీలో గాజుల పనో, జర్దోజీ పనో చేసుకునే ఇంటికి, ఇంట్లోనే టైలరింగ్ చేసే ఆడవాళ్లకు ఆ దూరం అంటే రోజుకూలీలో కోత. "ఉన్నచోటే" అన్న రెండు పదాలు తీర్మానంలో ఉన్నాయా లేదా అన్నది అందుకే ముఖ్యం. "ప్రత్యామ్నాయ స్థలంలో" అని ఉంటే అది ఏ స్థలం అని అప్పుడే అడగాలి.

ఒక ఇల్లు, మూడు పొయ్యిలు

ఇప్పుడు అసలు లెక్క. ఒక ఉదాహరణ అనుకుందాం. బస్తీలో 60 గజాల ఇల్లు. కింద ఒక అంతస్తు, పైన ఒకటి. తండ్రి ఇంతెఖాల్ అయ్యారు. తల్లి, పెళ్లయిన ముగ్గురు కొడుకులు, అత్తగారింట్లో ఉన్న ఒక కూతురు. ఇంట్లో మూడు పొయ్యిలు వెలుగుతాయి. ముందుగదిలో పెద్దకొడుకు కిరాణా దుకాణం.

60 గజాలంటే 540 చదరపు అడుగులు. రెండంతస్తులు కలిపి 1,080. తెలంగాణ పథకంలో డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు 560 చదరపు అడుగులు. "ఇంటికి ఇల్లు" అని లెక్కిస్తే ఈ కుటుంబానికి వచ్చేది ఒక్క ఫ్లాటు. అంటే ఇప్పుడున్న దాంట్లో దాదాపు సగం చోటు, దుకాణం లేదు, మూడు సంసారాలు. కొత్త ఇంట్లోకి ఇద్దరు అన్నదమ్ములు వెళ్లలేరు, కిరాయికి పోవాల్సిందే.

"కుటుంబానికి ఇల్లు" అని లెక్కిస్తే మూడు ఫ్లాట్లు అడగొచ్చు. తేడా తెచ్చేది ఒక్క పదం. కానీ మూడు కుటుంబాలు అని చూపించడానికి సాక్ష్యం కావాలి. ఈ పథకంలో పేదరికానికి ఆధారం ఆహారభద్రత కార్డు, అంటే రేషన్ కార్డు. ముగ్గురు అన్నదమ్ములూ అమ్మీ పేరు మీదున్న ఒకే కార్డులో ఉంటే, సర్వే టీమ్ దృష్టిలో వాళ్లు ఒక్క కుటుంబమే. తెలంగాణలో చాలా ఏళ్ల తర్వాత 2025లో కొత్త కార్డులు ఇవ్వడం మొదలైంది. పెళ్లయి వేరుగా వండుకుంటున్నవాళ్లు విడి కార్డు, విడి గ్యాస్ కనెక్షన్ పెట్టుకోవడం సర్వే వచ్చాక కాదు, ముందే జరగాలి.

రెండో చిక్కు ఇంకా నాజూకైనది: వారసత్వం. పైన చెప్పిన ఇల్లు తండ్రి సొంతమైతే, షరియత్ ప్రకారం భార్యకు ఎనిమిదో వంతు. మిగిలింది కొడుకుకు రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు. లెక్క కడితే తల్లికి ఎనిమిదో వంతు, ఒక్కో కొడుకుకు నాలుగో వంతు, కూతురికి ఎనిమిదో వంతు. మొత్తం సరిగ్గా సరిపోతుంది. ఇప్పుడు పాత ఇల్లు కూల్చి, బదులుగా వచ్చిన ఒకే ఫ్లాటు పెద్దకోడలి పేరు మీద ఇచ్చారనుకోండి. ఈ పథకంలో ఇల్లు ఇంటి ఇల్లాలి పేరు మీద ఇవ్వడం నియమం. ఆడవాళ్ల పేరు మీద ఇల్లు ఉండటం మంచి విషయమే. కానీ కాగితం మీద తల్లి వాటా, తమ్ముళ్ల వాటా, చెల్లి వాటా ఒక్క రోజులో మాయమయ్యాయి. ఎవరూ మోసం చేయలేదు. ఫారంలో ఒకే పేరుకు చోటుంది, అంతే.

బస్తీలు ఖాళీ అయ్యాక అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోయేది ఇలాంటి చోటే. మందు ఒక్కటే. కూల్చకముందే కుటుంబమంతా కూర్చుని, ఎవరికి ఏం రావాలో స్టాంప్ కాగితం మీద రాసుకుని, చెల్లెళ్లతో సహా అందరూ సంతకం చేయాలి. ఫ్లాటు ఒకరికి వెళ్తే మిగతావాళ్లకు ఎంత డబ్బు, ఎప్పటిలోగా అన్నది కూడా అందులో ఉండాలి. ఇలా వచ్చిన ఇల్లు వారసులకు వెళ్తుంది కానీ అమ్మడానికి వీల్లేదు. కాబట్టి "తర్వాత అమ్మి పంచుకుందాం" అన్న మాట పనిచేయదు. భూమి ప్రభుత్వానిదై, పట్టా లేకపోయినా, ఇల్లు కట్టడానికి ఖర్చు పెట్టినవాళ్ల మధ్య ఈ రాత అవసరమే.

కటాఫ్ తేదీ, పై అంతస్తు, కిరాయిదారు

ముంబైలోని ధారావి ప్రాజెక్టు చూస్తే ఒక తేదీ, ఒక అంతస్తు ఎంత తేడా తెస్తాయో అర్థమవుతుంది. అక్కడి నియమాల్లో 2000 జనవరి 1కి ముందు నుంచి కింది అంతస్తులో ఉన్నవాళ్లకు ధారావిలోనే 350 చదరపు అడుగుల ఇల్లు ఉచితం. 2000 నుంచి 2011 మధ్య వచ్చినవాళ్లకు 300 చదరపు అడుగుల ఇల్లు, రెండున్నర లక్షలు కట్టాలి, అదీ ధారావి బయట. ఆ తర్వాత వచ్చినవాళ్లకు, పై అంతస్తుల్లో ఉన్నవాళ్లకు కిరాయి కడుతూ కొనుక్కునే పద్ధతి, అదీ బయటే. ఒకే మెట్ల మీద ఎక్కిదిగే రెండు కుటుంబాలు వేర్వేరు ఊళ్లకు వెళ్లినట్టే.

అందుకే మన దగ్గర ఏ ప్రతిపాదన వచ్చినా మూడు విషయాలు తీర్మానంలోనే ఉండాలని అడగాలి: కటాఫ్ తేదీ ఏది, పై అంతస్తులో ఉన్నవాళ్లను లెక్కిస్తారా, కిరాయిదారులకు ఏంటి. కిరాయిదారుల సంగతి సాధారణంగా ఎవరూ ఎత్తరు. ఇంటి యజమాని వేరే చోట ఉండి, ఇరవై ఏళ్లుగా కిరాయికి ఉన్నవాళ్లు బస్తీలో ఉంటే, సర్వేలో పేరు ఎవరిది రాస్తారు? దుకాణం, వెల్డింగ్ షాపు, మిర్చీ బండి, ఆటో పెట్టుకునే చోటు, ఇవన్నీ కూడా జీవనాధారాలే. ఇళ్ల లిస్టుతో పాటు షాపుల లిస్టు కూడా వేరుగా తయారు చేయించాలి.

కొత్తగా లబ్ధిదారులను ఎంపిక చేసే పరిస్థితి వస్తే, తెలంగాణ డబుల్ బెడ్‌రూమ్ మార్గదర్శకాల్లో పట్టణ ప్రాంతాల్లో మైనారిటీలకు 12 శాతం, ఎస్సీలకు 17 శాతం, ఎస్టీలకు 6 శాతం అని ఉంది. ఈ నంబర్లు తెలిసి ఉంటే కలెక్టరేట్‌లో లిస్టు అడిగేటప్పుడు పనికొస్తాయి.

మిగిలే స్థలం ఎటు పోతుంది?

ఇది ఎవరూ అడగని ప్రశ్న. చిన్న లెక్క చూడండి. రెండెకరాల బస్తీ, 250 కుటుంబాలు అనుకుందాం. రెండెకరాలంటే 87,120 చదరపు అడుగులు. 250 ఫ్లాట్లు, ఒక్కోటి 560 చొప్పున 1,40,000 చదరపు అడుగులు. మెట్లు, వరండా, లిఫ్ట్ కోసం ఇంకో పాతిక శాతం కలిపితే 1,75,000.

దీన్ని నాలుగు అంతస్తుల్లో కడితే ఒక్కో అంతస్తుకు 43,750 చదరపు అడుగులు కావాలి. అంటే స్థలంలో సగం. మిగతా సగం రోడ్డు, ఆటస్థలం, గాలి వెలుతురు. అదే తొమ్మిది అంతస్తుల్లో కడితే ఒక్కో అంతస్తుకు 19,500 లోపే, అంటే స్థలంలో పావు వంతు కూడా కాదు. హైదరాబాద్‌లో ముంబై మాదిరి ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి లేదు. 2012 నాటి జీవో 168 ప్రకారం రోడ్డు వెడల్పు, వదలాల్సిన ఖాళీని బట్టి ఎత్తు నిర్ణయమవుతుంది. కాబట్టి ముందు రోడ్డు వెడల్పుగా ఉంటే పైకి కట్టే అవకాశం ఎక్కువ, కింద మిగిలే స్థలం కూడా ఎక్కువ.

ఆ మిగిలిన స్థలం ఎవరిది? కార్పొరేషన్ షాపులు కడుతుందా, బిల్డర్‌కు ఇస్తుందా, బస్తీకే బడి, అంగన్‌వాడీ, షాదీఖానా కట్టిస్తుందా? స్థలం అమ్మితే వచ్చే డబ్బుతోనే ఇళ్లు కడతామంటే, ఆ డబ్బు లెక్క బస్తీవాళ్లకు చూపించాలి కదా. "ఉచితంగా ఇల్లు ఇస్తున్నాం" అన్నప్పుడు, నిజానికి బస్తీవాళ్లు ఖాళీ చేసిన భూమే ఆ ఇంటి ఖర్చు భరిస్తూ ఉండొచ్చు.

ఎత్తు పెరిగితే నెలనెలా ఖర్చు కూడా పెరుగుతుంది. లిఫ్ట్, మోటారు, ట్యాంకు, వాచ్‌మన్. వంద కుటుంబాలు నెలకు 500 చొప్పున ఇస్తే 50,000. ముప్ఫై కుటుంబాలు ఇవ్వకపోతే 35,000కు పడిపోతుంది, లిఫ్ట్ ఆగేది అప్పుడే. ఎనిమిదో అంతస్తులో మోకాళ్ల నొప్పులున్న నానీ ఉంటే ఆమెకు ఆ ఇల్లు జైలే. షాపుల కిరాయి నిర్వహణకే వాడాలని తీర్మానంలో రాయిస్తే ఈ బాధ సగం తగ్గుతుంది. పెద్దవాళ్లు, వికలాంగులు ఉన్న కుటుంబాలకు కింది అంతస్తు అన్నది కూడా రాయించాలి.

కట్టే దాకా ఎక్కడుండాలి?

కూల్చిన రోజు నుంచి తాళంచెవి చేతికొచ్చే దాకా కుటుంబం కిరాయికి ఉండాలి. నెలకు 6,000 కిరాయి అనుకుంటే రెండేళ్లకు 1,44,000, అడ్వాన్సు, సామాను తరలింపు వేరే. పని ఆలస్యమై నాలుగేళ్లు పడితే 2,88,000. కిరాయి సాయం ఇస్తామంటే ఎంత, ఏ తేదీ దాకా, ఆలస్యమైతే కొనసాగుతుందా అన్నది చూడాలి. "పని పూర్తయ్యే వరకు" అన్న మాట ఉండాలి, "12 నెలలు" అని కాదు.

లబ్ధిదారు వాటా, బ్యాంకు లోన్ ఉన్న పథకమైతే ఇంకో జాగ్రత్త. ఆంధ్రప్రదేశ్‌లో టిడ్కో ఇళ్లు 300, 365, 430 చదరపు అడుగుల్లో కట్టారు. పెద్ద సైజులకు లోన్ ముడిపెట్టారు. కొన్నిచోట్ల ఇల్లు చేతికి రాకముందే కిస్తీ కట్టమని నోటీసులు వచ్చాయి. కాబట్టి కిస్తీ మొదలయ్యేది లోన్ మంజూరైన రోజు నుంచా, తాళంచెవి ఇచ్చిన రోజు నుంచా అన్నది సంతకానికి ముందే చదవాలి. వడ్డీకి దూరంగా ఉండే కుటుంబాలు లోన్ లేని మార్గం ఉందా అని అప్పుడే అడగాలి.

నోటీసు లేకుండా కూల్చొచ్చా?

2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, కూల్చివేతకు ముందు కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలి, యజమాని మాట వినాలి, కారణాలతో ఉత్తర్వు ఇవ్వాలి. ఉత్తర్వు తర్వాత కూడా 15 రోజులు ఆగాలి. నియమం తప్పితే అధికారులే సొంత జేబు నుంచి నష్టం భరించాలి. కానీ రోడ్డు, ఫుట్‌పాత్, రైల్వే లైను పక్క, నది, చెరువు లాంటి చోట్ల ఉన్న అక్రమ కట్టడాలకు, కోర్టు కూల్చమన్న వాటికి ఈ ఆదేశాలు వర్తించవు. నాలా పక్కనో, మూసీ ఒడ్డునో ఉన్నవాళ్లు ఈ మినహాయింపు గుర్తుంచుకోవాలి.

చేతిలో ఉండాల్సినవి

1. కౌన్సిల్ ఎజెండా నోట్, తీర్మానం కాపీ, మినిట్స్. అడిగినా ఇవ్వకపోతే 10 రూపాయల ఫీజుతో ఆర్టీఐ దరఖాస్తు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.
2. సర్వే లిస్టులో మీ పేరు, ఇంటి నంబరు, అంతస్తు, కుటుంబాల సంఖ్య ఉన్న పేజీ కాపీ. తప్పుంటే అదే వారంలో రాతపూర్వక అభ్యంతరం, స్టాంపు వేసిన రసీదు.
3. ఇంటి ఫోటోలు, లోపల బయట, ప్రతి అంతస్తు, దుకాణం. తేదీ కనిపించేలా.
4. పాత నల్లా, కరెంటు బిల్లులు, ఇంటి పన్ను రసీదులు. ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వకూడదు, జిరాక్స్ మాత్రమే.
5. కుటుంబ ఒప్పందం, అందరి సంతకాలతో.
6. ఖాళీ చేసే ముందు అలాట్‌మెంట్ లెటర్. అందులో బ్లాకు, ఇంటి సైజు, అప్పగించే తేదీ ఉండాలి. ఖాళీ ఫారం మీద, తెల్ల కాగితం మీద సంతకం వద్దు. ఇంగ్లీషులో ఉంటే తెలుగులోనో ఉర్దూలోనో చదివించుకున్నాకే సంతకం.

బస్తీ కమిటీలో మగవాళ్లు మాత్రమే కూర్చుంటే ఈ లెక్కల్లో సగం బయటికి రావు. ఏ ఇంట్లో ఎన్ని పొయ్యిలు వెలుగుతున్నాయో, ఎవరు ఇంట్లో కూర్చుని కుట్టుపని చేస్తున్నారో, ఏ ఖాలా కిరాయికి ఉంటోందో ఆడవాళ్లకే తెలుసు. జుమా తర్వాత మస్జిద్ ముందు జరిగే చర్చతో పాటు, ఏదో ఒక ఇంట్లో ఆడవాళ్ల మీటింగ్ కూడా పెట్టుకోవాలి. సర్వే టీమ్ రాకముందే బస్తీవాళ్లు సొంతంగా ఒక నోట్‌బుక్‌లో ఇంటింటి లెక్క రాసుకుంటే, అధికారుల లిస్టుతో పోల్చుకోవచ్చు. ఎవరి పేరు జారిపోయిందో ఆ రోజే తెలిసిపోతుంది. ఆ నోట్‌బుక్‌కు అయ్యే ఖర్చు యాభై రూపాయలు.